లాక్‌డౌన్‌ల సోమవారాలు, బేస్తవారాలు

డయాలసిస్‌కు కొత్తగ వచ్చినోళ్లు మొదటి రోజు ఎవరితోని మాట్లాడరు. మిషన్ దిక్కు చూసుకుంట పండుకుంటరు. రెండో వారం సంది పక్క మంచమోళ్లను అడుగుడు మొదలుపెడతరు. ఎన్నేండ్లయింది, నీళ్లు ఎన్ని తాగుతవు, చెయ్యి గుంజుతదా అని. నాకు ఏడేండ్లు దాటిందని చెప్తె వాళ్ల మొఖంల జర ధైర్యం కనవడ్తది. అటెంక ఎవరో ఒకరు తప్పకుంట అడుగుతరు. "మరి కరోనప్పుడు ఎట్ల వచ్చినవక్కా? రైళ్లు, బస్సులు ఏమీ లేకుండె గద?"

"ఎట్లనో అట్ల గడిచిపోయిందమ్మా" అంట నేను. అది అబద్ధం కాదు గని, సగమే. మిగిలిన సగం చెప్పాలంటె సుశీలమ్మక్క గురించి చెప్పాలె. చేతికి సూదులు పెట్టుకోని, పది మంది వినంగ చెప్పే ముచ్చట కాదది. అందుకని ఇంట్ల కూసోని రాస్తున్న.

మాది తాండూరు. నా పేరు రాజమణి. మా ఆయన ప్రభాకర్ బండల పాలిషింగ్ యూనిట్‌ల పని చేస్తడు. సాయంత్రం ఇంటికొస్తె రెప్పల మీద కూడ తెల్లటి పొడి ఉంటది. నేను ఒక చిన్న ప్రైవేటు బడిల ఎల్‌కేజీ పిల్లలకు చెప్పేదాన్ని. రెండు కిడ్నీలు పనిచేస్తలేవని తెలిసినంక ఆ పని పోయింది. వారానికి రెండు రోజులు రాని టీచర్‌ను ఏ బడోళ్లు పెట్టుకుంటరు? మా అత్తమ్మ సాలమ్మ మాతోనే ఉంటది. బిడ్డ స్వప్న అప్పుడు తొమ్మిదో తరగతి.

తాండూరుల నాకు సీటు దొరకలే. వికారాబాద్‌ల దొరికింది. సోమవారం, బేస్తవారం. పొద్దున పాసింజర్ ఎక్కుడు, నాలుగు గంటలు మిషన్ మీద పండుకునుడు, మధ్యాహ్నం మళ్ల రైలెక్కి ఇంటికొచ్చుడు. డయాలసిస్‌కు పైసలు కట్టేది లేదు, సర్కారు కార్డు మీద అయిపోతది. రైలు టికెట్ చాయ ఖర్చంత. అందుకనే మాసొంటోళ్లం బతికినం.

2020, మార్చి ఆఖరు

ఆదివారం చప్పట్లు కొట్టినం. మా గల్లీల పిల్లలు గిన్నెలు కూడ మోగించిన్రు. రెండు రోజులైనంక ఇంక ఎవరూ బయటికి రావొద్దన్నరు. రైళ్లు బందయినయి. యూనిట్‌కు తాళం పడ్డది.

అందరు బియ్యం గురించి, కూరగాయల గురించి ఫికర్ పడుతుంటె నాకు ఒక్కటే ఫికర్. నలభై కిలోమీటర్లు. పోను నలభై, రాను నలభై. వారానికి రెండు సార్లు.

ఇంట్ల ఒక పాత బైకు ఉండె. ప్రభాకర్ నా దవాఖాన కాయిదాలన్ని ఒక ప్లాస్టిక్ కవర్ల పెట్టుకోని పోలీస్ స్టేషన్‌కు పోయిండు. పొద్దంత నిలవడి పాసు రాయించుకోని వచ్చిండు. మొదటి సోమవారం మమ్ముల మూడు జాగలల్ల ఆపిన్రు. ధారూర్ దగ్గర ఒక కానిస్టేబుల్ కాయిదం చూసి, సూది మచ్చలున్న నా చెయ్యి చూసి, "అమ్మా, కూసోని పో, పడతవు" అన్నడు. అంతే అన్నడు. ఆయన మొఖం సగం రుమాలు కిందనే ఉండె. ఇప్పుడు ఎదురుంగ వస్తె గుర్తు పట్ట. కాని ఆ మాట యాదికుంది.

పోయేటప్పుడు బాగనే ఉంటది. వచ్చేటప్పుడే తకలీఫ్. మిషన్ మీద నుంచి దిగినంక కాళ్లు దూదిలెక్క అయితయి, తల తిరుగుతది, పిక్కలు పట్టుకుంటయి. రైలుల అయితె ఒక మూలకు ఒరిగి పండేదాన్ని. బైకు మీద ఎండల ఆయన నడుం పట్టుకోని కండ్లు మూసుకునేదాన్ని. నేను నిద్రపోకుండ ఆయన తొవ్వ పొడుగునా మాట్లాడించేది. "ఏమొండుదాం పొద్దుమూకి?" అని అడిగేది. ఇంట్ల ఏమున్నదో ఇద్దరికీ ఎరుకే. అయినా రోజుకొక కూర పేరు చెప్పేదాన్ని.

మా ఇంట్ల అప్పటికే అన్నిటికి కొలత ఉండె. నాకు రోజుకు లీటరు నీళ్లు. చాయ, మజ్జిగ, గోలీలు మింగే నీళ్లు అన్నీ అండ్లనే. పొద్దున స్వప్న ఒక సీసా నింపి అలమార్ల పెడితె పొద్దుమూకే దాక అదే నా నీళ్లు. తాండూరు ఎండల, పైన రేకుల ఇల్లు. నాలుక ఎండిపోయి పండ్లకు అతుక్కునేది. కూరగాయలు కోసి, ఉడకవెట్టి, ఆ నీళ్లు పారవోసి మళ్ల వండాలె. పప్పు నాకు రెండు చెంచాలు. ఉప్పు పేరుకే.

ఇప్పుడు ఆ కొలత ఇంటందరికి వచ్చింది. యూనిట్ ఓనర్ మొదటి నెల సగం జీతం ఇచ్చిండు. రెండో నెల ఫోనెత్తలే. రేషన్‌ల మనిషికి పన్నెండు కిలోల బియ్యం ఇచ్చిన్రు, కాబట్టి బువ్వకు పరేషాన్ లేకుండె. బియ్యం తప్ప అన్నిటికి పరేషానే. పాలు అర లీటరు నుంచి పావుకు తెచ్చిన, అటెంక బంద్ చేసిన. గ్యాస్ ఆగాలని అత్తమ్మ వెనక వాకిట్ల మూడు రాళ్లు పెట్టి అన్నం కట్టెల మీద వండింది. కూర రెండు పూటలది ఒక్కపారే. స్వప్న తలకు నూనె పెట్టుకునుడు మానేసింది. నేను చూసి అడిగితె "బయటికి ఎవరు పోతున్నరమ్మా" అన్నది.

అన్నీ తగ్గించుకుంట రావొచ్చు. పెట్రోలు ఒక్కటి తగ్గదు. దాన్ని తగ్గించే తొవ్వ ఒక్కటే ఉండె. అది నాకు కనవడ్డది.

2020, ఏప్రిల్

ఆ నెల నడుమ ఒక బేస్తవారం నాడు నేను పోలే. "ఈ వారం ఒక్కపారి వస్తె చాలు అన్నది సిస్టర్. రిపోర్టు మంచిగొచ్చిందట" అని ప్రభాకర్‌కు చెప్పిన. ఆయన నమ్మిండు. నమ్మాలని ఆయనకు కూడ ఉండెనేమో. ఆ పూట మిగిలిన పైసలతోని స్వప్న ఫోన్ రీఛార్జ్ చేయించినం. బడోళ్లు పాఠాలు ఫోన్‌ల చెప్తమన్నరు.

శుక్రవారం కాళ్లు ఉబ్బినయి. చీర అంచు కింద కప్పుకోని తిరిగిన. శనివారం మధ్యాహ్నం పండుకుంటె ఊపిరాడలే. లేచి కూసుంటె జర నయం. మళ్ల ఒరిగితె ఎవరో ఛాతి మీద బండ పెట్టినట్టు. దగ్గితె నురుగు వచ్చింది. అప్పుడు భయమైంది. చెప్పలేనంత భయం. నీళ్లల్ల మునిగినోళ్లకు గిట్లనే ఉంటదేమో అనుకున్న.

అత్తమ్మ మొదలు చూసింది. ప్రభాకర్‌ను పిలిచింది. నేను అసలు సంగతి అప్పుడు చెప్పిన. ఆయన నన్ను తిట్టలే. బైకు తాళం చెవి వెతుక్కున్నడు. తిట్టింది అత్తమ్మనే.

"నువ్వు సచ్చినంక మిగిలిన పైసలు పెట్టి మేమేం కొనుక్కోవాల్నే?" అన్నది. ఏడుసుకుంట అన్నది. మా పెండ్లైన పద్దెనిమిదేండ్లల్ల ఆమె నా కోసం ఏడ్సుడు అదే చూసుడు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తె ఇంకో కేసు మీద పోయింది, గంట పడ్తదన్నరు. గంట నేను ఆగ అని అందరికి తెలుస్తనే ఉండె. స్వప్న తన చున్నీ తెచ్చి నన్ను, వాళ్ల నాయినను కలిపి నడుముకు కట్టింది. నేను పడకుండ. పద్నాలుగేండ్ల పిల్ల గట్టిగ ముడి వేస్తుంటె ఆమె వేళ్లు నాకు తగిలినయి. మంచులెక్క ఉండె. తొవ్వ పొడుగున నేను ముందుకు వంగి ఆయన వీపు మీద తల పెట్టి ఊపిరి కోసం గుంజుకున్న. ఆ రోజు ఆయన ఏం కూర అని అడగలే.

దవాఖాన్ల రెండు షిఫ్టుల నడుమ నాకు జాగ చేసిన్రు. సిస్టర్ తన తిండి పక్కన పెట్టి వచ్చింది. నాలుగు గంటలైనంక నేను మంచం మీద ఎల్లెలుకల పండుకోగలిగిన.

సోమవారం మళ్ల పోతె ఆ సిస్టర్ అందరి ముందట అందుకున్నది. "పెట్రోలు మిగిలిందా రాజమణీ? ఎంత మిగిలింది? చెప్పు, అందరూ వింటరు." నేను గోడ దిక్కు తిరిగిన. పక్క మంచం మీద సుశీలమ్మ ఉండె.

సుశీలమ్మ

ఏడాది సంది ఆమె, నేను పక్కపక్కనే. అయినా మాట్లాడుకున్నది తక్కువ. వాళ్లది కొడంగల్ తొవ్వల ఒక ఊరు. భూమున్న పటేండ్లు. అరవై దగ్గర వయసు. సూది పెట్టేటప్పుడు "అయ్యో దేవరే" అని కన్నడంల అనుకునేది. పుట్టిల్లు సేడం దిక్కట. ఆమె భర్త మాణిక్ రెడ్డి పటేలు తానే కారు నడుపుకోని తెచ్చేది. ఆమె లోపల ఉన్న నాలుగు గంటలు ఆయన బయట బెంచి మీద కూసునేది.

ఆ రోజు ఆమె నా దిక్కు తిరిగి అడిగింది. "నువ్వు యాడికెళ్లి వస్తవు?"

"తాండూరు, పటేలమ్మా."

"మా కారు తాండూరు నడుమకెంచే వస్తది గద."

 ఆ సంగతి నాకెరుక. లాక్‌డౌన్ పెట్టిన మొదటి సోమవారం సంది ఎరుక. మాసొంటోళ్లం వాళ్ల కార్ల ఎట్ల కూసుంటం అని అడగలే.  నేనెందుకు అడగలేదో ఆమెకు అర్థమైంది కావొచ్చు.

"బేస్తవారం ఏడు గంటలకు చౌరస్తల నిలవడు. ఇంకొక ముచ్చట. పటేలమ్మ అనకు. అక్క అను."

పదమూడు నెలలు ఆ కార్ల పోయిన. బస్సులు మళ్ల నడుస్తున్నా ఆమె వద్దన్నది. "ఆ మంది నడుమ పోయి రోగం తెచ్చుకుంటవా?" అనేది. పెట్రోలుకు నేనియ్యబోతె పటేలు తీసుకోలే. "కారు ఎట్లయినా పోయేదే గద బిడ్డా" అన్నడు. వచ్చేటప్పుడు అక్క డబ్బా తీసేది. నాలుగు ఉడకవెట్టిన గుడ్లు. తెల్లది మా ఇద్దరికి, పచ్చది పటేలుకు. "పచ్చసొన తిని తిని నాకు కూడ ఏదో రోగం వస్తది" అని ఆయన నవ్వేది. దాహం గురించి మేము మాట్లాడుకున్నంత ఎవరూ మాట్లాడుకోరు. బావి నీళ్ల రుచి, కుండల నీళ్ల రుచి, సల్ల రుచి. తాగినట్టే చెప్పుకునేటోళ్లం. ఎండ్రికాయ పులుసు ఎట్ల వండుతరని అడిగింది ఒకసారి. మా ఇంటి వంట గురించి అట్ల ఒక పటేలమ్మ నన్ను అడుగుతదని నేను అనుకోలే.

ఆ ఏడాది మా ఇల్లు ఎట్లనో ఒడ్డెక్కింది. యూనిట్ తెరిచిన్రు. నేను ఇంటి దగ్గర ఆరుగురు పిల్లలకు ట్యూషన్ చెప్పిన. పాలు మళ్ల పావు లీటరు వచ్చినయి.

2021, మే

రెండోసారి వచ్చినప్పుడు అది మా గల్లీలకే వచ్చింది. మొదటిసారి టీవీల చూసినం. ఈసారి ఎదురింటి నుంచి పాడె లేవంగ చూసినం. పాడె మోసేటోళ్లు నలుగురు దొరకలే. మేము పోయే చర్చి మూసిన్రు. పాస్టర్ ఫోన్‌ల ప్రార్థన చేసేటప్పుడు పేర్ల జాబితా పెరుగుకుంట పోయింది. మళ్ల లాక్‌డౌన్. పొద్దున పది దాక దుకాణాలు, అటెంక అంతా బంద్.

ఆదివారం ప్రభాకర్‌కు జరమొచ్చింది. ఎండ దెబ్బ అనుకున్నం, అనుకోవాలని అనుకున్నం. బుధవారం నాడు నా గొంతు గరగరమన్నది. పెయ్యి వెచ్చవడ్డది. వాసన తెలుస్తనే ఉండె. అది ఒక్కటి పట్టుకోని "ఇది అది కాదు" అని నాకు నేను చెప్పుకున్న.

పరీక్ష చేయించుకుంటె ఏమైతదో నాకు ఎరుకే. పాజిటివ్ వస్తె వికారాబాద్‌ల మిషన్ ఎక్కనియ్యరు. హైదరాబాద్ పంపుతరు. అక్కడ పడకలు లేక మనుషులు గేట్ల ముందట పడి ఉన్నరని రోజూ వింటున్నం. నేను పోతె ప్రభాకర్ జరంతోని ఎట్ల వస్తడు? స్వప్న, అత్తమ్మ ఇద్దరే ఇంట్ల ఎట్ల ఉంటరు? పోకుండ ఇంట్ల ఉంటె ఏమైతదో అంతకు ముందు ఏడాదే చూసిన. ఆ ఛాతి మీది బండ యాదికొచ్చింది.

బేస్తవారం పొద్దున రెండు జరం గోలీలు మింగి చౌరస్తల నిలవడ్డ. రెండు మాస్కులు పెట్టుకున్న. అది కూడ చెప్పాలె. దాంతోని నా తప్పు తగ్గదు గని, పెట్టుకున్న.

కార్ల ఏసీ నడుస్తుండె. అద్దాలు మూసి ఉన్నయి. నేను ఎక్కంగనె "నమస్తే అక్కా" అన్న. ఆ ఒక్క మాటకే ఆమె నా దిక్కు తిరిగింది.

"గొంతేందే గట్లయింది?"

"చల్లటి నీళ్లు తాగిన అక్కా. ఆగలే."

"ఎన్ని తాగినవ్?"

"సీసడు."

ఆమెకు మస్తు కోపమొచ్చింది. వికారాబాద్ దాక తిట్టింది. "మళ్ల దమ్ము ఆడకుండ నీళ్లు ఎక్కించుకుంటవా? బిడ్డ పెండ్లి చూడొద్దా నువ్వు?" అన్నది. పటేలు అద్దంల చూసి "పోనియ్యవే, ఎండకాలం" అన్నడు. నేను తల వంచుకోని అవును అక్కా, తప్పయింది అక్కా అంటున్న. ఆమె నా చెయ్యి పట్టుకోని తిట్టింది. ఆ చెయ్యి వెచ్చగ ఉన్నదని ఆమెకు తెలిసిందో, లేదో.

గేటు దగ్గర నుదుటికి మిషన్ పెట్టి చూసిన్రు. గోలీలకు జరం దిగింది. లోపలికి పంపిన్రు.

పదహారు దినాలు

సోమవారం పొద్దున, ఇంక నేను బయలెల్లకముందే, పటేలు ఫోన్ చేసిండు. "ఇయ్యాల మేము వస్తలేం బిడ్డా. మీ అక్కకు మూడు దినాల సంది జరం. పరీక్ష చేయించినం. పాజిటివ్ వచ్చింది. హైదరాబాద్ తీసుకపోతున్నం. నువ్వు కూడ పరీక్ష చేయించుకో." జర ఆగి అన్నడు. "ధర పెరుగుతదని ఆపుకున్న కందులు అమ్ముదామని నేను మార్కెట్ యార్డుకు పోయిన. నేనే ఇంట్లకు తెచ్చిన. మా నుంచే నీకు కూడ తగిలిందేమో. మాఫ్ చెయ్ బిడ్డా."

కారెక్కే నాటికే నాకు జరమున్నదన్న మాట నాలుక మీదికి వచ్చింది. ప్రభాకర్ పక్కనే నిలవడి నా మొఖం చూస్తున్నడు.

"అక్క పైలం పటేలా" అన్న. ఫోన్ పెట్టేసిన.

నాకు ఆ రోజే పాజిటివ్ అని వచ్చింది. నేను భయపడ్డట్టే హైదరాబాద్ పంపిన్రు. నేను భయపడ్డంత కాలే. పడక దొరికింది, మిషన్ దొరికింది. పదహారు దినాలున్న. ప్లాస్టిక్ బట్టలల్ల మనుషులు వచ్చి పోయేటోళ్లు, మొఖాలు తెల్వవు. ఒక వార్డు ఆయమ్మ రోజూ నా ఫోన్ ఛార్జింగ్ పెట్టించి తెచ్చి ఇచ్చేది, స్వప్నతోని మాట్లాడనీకె. దగ్గు, ఆయాసం, కండ్లు మూస్తె ఎదురింటి పాడె. ఆక్సిజన్ పెట్టిన్రు, తీసిన్రు, మళ్ల పెట్టిన్రు.

ఇంట్ల స్వప్న నాయినకు, నాయనమ్మకు వండి తలుపు దగ్గర పెట్టింది. దేవుని దయ, అత్తమ్మకు ఏం కాలే. "ఇంట్ల అన్నీ ఉన్నయమ్మా, రంది పెట్టుకోకు. పటేలు ఎవరితోనో బియ్యం బస్త, అయిదు వేలు పంపిండు. వాళ్ల వల్లనే మనకు తకలీఫ్ అయిందన్నడట" అని ఫోన్‌ల చెప్పింది.

ఆ బియ్యం మేము తిన్నం. నేను వాపస్ పంపమని చెప్పలే. పంపాలంటె ఎందుకో చెప్పాలె.

వికారాబాద్ మళ్ల పోయిన మొదటి రోజు పక్క మంచం మీద వేరే మనిషి ఉండె. మొగాయన, పరిగి దిక్కు. సిస్టర్ సూది పెట్టుకుంట నా కండ్లల్ల చూడకుండ చెప్పింది. సుశీలమ్మ దవాఖాన్ల తొమ్మిదో దినం పోయిందట. ఇంటికి తేలే. కొడుకు ఒక్కడే దూరం నుంచి చూసిండట.

నాలుగు గంటలు ఆ మంచం పక్కన పండుకున్న. ఏడుపు రాలే. 

ఇంటికొచ్చి ప్రభాకర్‌కు చెప్పిన, నేను చల్లనీళ్లు తాగిన అని అబద్ధమాడిన ముచ్చట.  "ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎవరు చెప్తరు? నువ్వు పోకుంటె సచ్చిపోదువు" అన్నడు. రెండు మాటలూ నిజమే. ఆ రెండు మాటలు పట్టుకోని ఏడాది గడిపిన.

2022, ఎండకాలం

సుశీలమ్మక్క సంవత్సరీకానికి పటేలు పిలిచిండు. "మీ అక్క ఏడాది. నువ్వు రావాలె బిడ్డా." ఆ రోజు బేస్తవారం. డయాలసిస్ ఉన్నదని పోలే. డయాలసిస్ లేకున్నా పోకపోదును. కాని ఆ పిలుపు అటెంక నన్ను నిమ్మలంగ ఉండనియ్యలే. తింటుంటె యాదికొచ్చేది, ట్యూషన్ పిల్లలకు ఎక్కాలు చెప్తుంటె యాదికొచ్చేది. మరుసటి వారం, శనివారం నాడు ఎవరికీ చెప్పకుండ కొడంగల్ బస్సెక్కి ఆ ఊర్ల దిగిన.

అంతకు ముందు ఆ ఇల్లు చూడలే. పెద్దిల్లు. లోపట ఒక్క చప్పుడు లేదు. పటేలు వసారాల కుర్చీల కూసోని ఉన్నడు. సగమైండు మనిషి. అంగీ మెడ దగ్గర రెండు వేళ్ల సందు కనవడ్తుంది. నన్ను చూసి లేచి ఇంకో కుర్చీ జరిపిండు. "కూసో బిడ్డా. నీళ్లు ఇయ్యనీకె లేదాయె నీకు" అన్నడు.

నేను కూసోలే. నిలవడే చెప్పిన. బుధవారం జరం, గోలీలు, చల్లనీళ్ల మాట. మధ్యల ఆగలే. ఆగితె మళ్ల మొదలుపెట్టలేనని భయం.

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కవెట్టుకున్నడు. "బేస్తవారం అన్నవు. నేను యార్డుకు పోయింది దాని ముందటి మంగళవారం." మళ్ల లెక్కవెట్టిండు. "మీ అక్కకు జరమొచ్చింది శనివారం." వేళ్లు ఆపి, "ఎటైనా కావొచ్చు" అన్నడు.

"కావొచ్చు పటేలా. కాని నేను చెప్పలే."

"అవును. చెప్పలే."

 ఆయన అరచేతితోని మొఖం రుద్దుకున్నడు. అటెంక చెప్పిండు. "మా కొడుకు శ్రీకాంత్ నాతోని మాట్లాడి ఏడాదయింది. నువ్వే యార్డుకు పోయి రోగం తెచ్చినవు, మా అమ్మను నువ్వే సంపినవు అన్నడు. సంవత్సరీకానికి వచ్చిండు, పూజ కాంగనె పోయిండు. నేను కూడ అదే అనుకుంటున్న. కందులకు రెండు వందలు ఎక్కువొస్తయని పోయిన గద, పోకుంటె ఆమె బతుకుతుండె గద అని. ఏడాది సంది పొద్దున లేస్తె అదే."

 నా తప్పు ఒక్క రోజుదే అని అన్ని నెలలు అనుకున్న. నేను నోరు మూసుకోని ఉన్న ప్రతి రోజు ఈయన ఇక్కడ గిట్ల కూసోని ఉన్నడు.

"ఆ రోజు చెప్పుంటె నన్ను ఎక్కించుకోకపోదురు" అన్న. ఎందుకన్ననో తెల్వదు.

"తెల్వదు. అద్దాలు తీసి, నిన్ను ముందట కూసోవెట్టి తీసుకపోదునేమో. మీ అక్క నిన్ను వదిలిపెట్టకపోతుండె." ఆయన నా దిక్కు చూడకుండ అన్నడు. "ఇప్పుడెట్ల తెలుస్తది?"

కొత్తగ వచ్చిన పేషెంట్లకు నేను చెప్పాల్సింది ఏదన్న ఉంటె ఇదే. జరమొస్తె చెప్పున్రి. భయమైతున్నా చెప్పున్రి. ఆ రోజు చెప్పలేకపోతె తెల్లారి చెప్పున్రి. ఆలస్యమైందని ఆగకున్రి. మనం చెప్పని మాటను ఇంకెవరో తమ మీద వేసుకోని మోస్తుంటరు.

"శ్రీకాంత్ నంబర్ ఇయ్యున్రి పటేలా" అన్న.

ఆయన వద్దనలే. నా ఫోన్ తోనే చేసిన. హైదరాబాద్‌ల ఉద్యోగం ఆ పిల్లగానిది. "నేను అమ్మ పక్క మంచం రాజమణిని" అని చెప్పి అంతా మళ్ల మొదటి సంది చెప్పిన. రెండోసారి చెప్పుడు మొదటిసారి కంటె కష్టమైంది. 

"నా నుంచే కావొచ్చు బాబూ. ఎవరూ చెప్పలేరు. కాని మీ నాయిననే తెచ్చిండని మాత్రం అనకు. నాకు అప్పటికే జరముండె. నేను దాచిన."

తిడతడనుకున్న. తిడితె వినాలనే అనుకున్న. ఆయన తిట్టలే. ఒక్కటే అడిగిండు.

"నాయిన ఉన్నడా అక్కడ?"

"ఉన్నడు."

"ఇయ్యి."

ఫోన్ పటేలు చేతికిచ్చి నేను గేటు బయటికొచ్చి నిలవడ్డ. ఎండ మండుతున్నది. నీడకు పోదామంటె ఫోన్ లోపట ఉన్నది, పిలుస్తరేమోనని కదల్లే. తాండూరు బస్సు ఒకటి పోయింది. చానాసేపైనంక ఇంకొకటి పోయింది. లోపటి నుంచి మాటలు వినవడలే. ఒక్కసారి మాత్రం ముసలాయన గట్టిగ ఏడ్సిన చప్పుడు వచ్చింది.

అటెంక ఆయన గేటు దాక వచ్చి ఫోన్ నా చేతుల పెట్టిండు.

"వస్తున్నడట. రేపు" అన్నడు.

నా మొఖం చూడలే. లోపటికి పోయి తలుపు పెట్టుకున్నడు. నేను బస్సు కోసం రోడ్డు మీదికి నడిచిన.